గ్రాములో మూడోవంతు

"మా మావయ్యకు మనుషులకన్నా డబ్బు బిళ్ళలంటేనే ఇష్టం" అని ఒకప్పుడు నేను అందరికీ చెప్పేదాన్ని. అప్పట్లో నాకు నోటి దురుసు ఎక్కువ. ఇప్పుడూ తక్కువేం కాదు గానీ, ఆ ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియాలంటే ఆయన సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మావయ్య మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే ముందు గదిలో ఉండేవాడు. రేవు పక్కన ఓడల వాళ్ళ బట్టలు ఉతికే పెద్ద లాండ్రీలో పని. పొడవాటి రేకుల షెడ్డు అది. ఈ కొసన మాసిన మూటలు దిగేవి, ఆ కొసన ఇస్త్రీ మడతలు బండెక్కేవి, మధ్యలో ఎదుటి మనిషి కనపడనంత ఆవిరి. పదిహేడో ఏట అక్కడ చేరితే ఆయనకు ఇచ్చిన పని జేబులు తడమడం. నవ్వకండి, అది నిజంగా ఉద్యోగమే. జేబులో ఒక్క బిళ్ళ మిగిలినా ఉతికే డ్రమ్ములో పడి గుడ్డలన్నీ చింపేస్తుంది. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముక్కూమొహం తెలియని వాళ్ళ జేబుల్లో చేతులు పెడుతూ ఉండేవాడు. షెడ్డులో అందరూ "ఏరా జేబుదొంగా" అని పిలిచేవారట. పిలిస్తే పలికేవాడట కూడా.

ఆ జేబుదొంగ చేసిన దొంగతనం ఏమిటంటే, దొరికిన ప్రతి నాణేన్నీ కాగితం పొట్లంలో కట్టి, బట్ట మీది లాండ్రీ గుర్తు దాని మీద రాసి, మడతల్లో పెట్టి వెనక్కి పంపడం. గుర్తు చెరిగిపోయిన బట్టలతోనే చిక్కు వచ్చేది. నాణెం ఏ దేశానిదో తెలిస్తే ఆ వారం రేవులో ఉన్న ఓడల్లో ఏది దానిదో తెలుస్తుంది. ఓడ తెలిస్తే మనిషి దొరుకుతాడు. ఆ విద్య ఆయనకు అలా అబ్బింది. కూడబెట్టుకోవడానికి కాదు, తిరిగి ఇచ్చేయడానికి నేర్చుకున్నాడు.

ఎవరూ తీసుకోని నాణేలు మిగిలేవి. వాటిని ఇంటికి తెచ్చుకుని కిటికీ పక్క బల్ల మీద పరుచుకునేవాడు. ఒక భూతద్దం, బంగారప్పనివాళ్ళు వాడే చిన్న త్రాసు, ఒక పొడుగాటి నోటుపుస్తకం. సెలవు రోజున నేనూ పక్కన చేరేదాన్ని. "నడుమ చిల్లుంటే జపాన్ దే అనుకుంటారు అమ్మడూ. డెన్మార్కు వాళ్ళూ చిల్లు పెట్టారు, నార్వే వాళ్ళూ పెట్టారు. చిల్లు చూసి మోసపోకు, అక్షరాలు చూడు" అనేవాడు. అక్షరాలు రాకపోతే అంచు చూడమనేవాడు. నాణేన్ని రెండు వేళ్ళ మధ్య నిలబెట్టి పక్కకు తిప్పమనేవాడు. వెనకవైపు బొమ్మ నిటారుగా వస్తే కొన్ని దేశాలు, తలకిందులుగా వస్తే మరికొన్ని. ఆపైన కిటికీ కింది రాతి పలక మీద మెల్లగా జారవిడిచి మోత వినమనేవాడు. వెండి అయితే మోత కాసేపు సాగుతుంది. దొంగ నాణెం టక్కుమని నోరు మూసుకుంటుంది.

పుస్తకంలో ప్రతి నాణేనికీ ఒక వరస. దేశం, బరువు, అంచు మీది గీతల లెక్క, దెబ్బలూ గుర్తులూ, చివరి గడిలో అరుగుదల. అంటే అది ఎందువల్ల అరిగిందో రాసేవాడు. ఎక్కువగా "చేతులు మారి" అని ఉండేది. కొన్నిటికి "మట్టిలో". ఒకదానికి "తాయెత్తులా మెళ్ళో" అని రాశాడు. అదెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పదేళ్ళ వయసులో ఒకసారి ఘనకార్యం చేశాను. మావయ్య పుట్టినరోజని, ఆయన పనికి వెళ్ళాక, ఒక పళ్ళెం నిండా నల్లబడ్డ వెండి నాణేల్ని పళ్ళపొడీ నిమ్మకాయా వేసి తళతళలాడేలా తోమి పెట్టాను. వచ్చి చూశాడు. మొహం మాడిపోయింది. తిట్టలేదు, కొట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. మూడో రోజు భూతద్దం నా చేతికిచ్చి, "చూడు" అన్నాడు. మెరుస్తున్న నాణెం మీద సన్నటి గీతలు, లెక్కలేనన్ని. "తోమితే ఇలా గీకుడు పడుతుంది. ఇప్పుడిది చూడు" అని చేతులు మారి మారి అరిగిన ఇంకొకటి పెట్టాడు. దాని మీద ఒక్క గీత లేదు. మన అరచెయ్యిలా నున్నగా ఉంది. "ఇంత మంది ముట్టుకున్నా గీత పడలేదు. నువ్వు ఒక్క పూటలో ఎన్ని గీసేశావో చూశావా?" అన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ పాఠం అంత దూరం వస్తుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఇక మా అన్నయ్య. ఇంట్లో అందరూ వాడిని పెద్దాడు అనేవారు. పుర్రచేతి వాటం. రాస్తే సిరా అంతా ఎడమ మణికట్టుకు పూసుకునేది, అమ్మ చొక్కా ఉతకలేక తిట్టిపోసేది. అమ్మా వాడూ ఒక్కలాంటి వాళ్ళు. ఇద్దరికీ ముక్కు మీద కోపం. నాన్న ఓడలో బొగ్గు వేసే పనికి వెళ్ళి నా మూడో ఏట అక్కడే పోయాడు. అందుకని ఓడ అనే మాట ఇంట్లో ఎత్తకూడదు. వాడు ఎత్తడమేమిటి, ఇరవై రెండో ఏట ఏకంగా ఓడలో పని కుదుర్చుకుని వచ్చి చెప్పాడు.

ఆ రోజు వంటింట్లో జరిగిన రభస నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అమ్మ బతిమాలింది, ఏడ్చింది, ఏదీ పనిచేయకపోయేసరికి నోరు పారేసుకుంది.

"వెళ్తే వెళ్ళు. మళ్ళీ నీ మొహం నాకు చూపించకు. నా మొహం నీకు గుర్తు రానే కూడదు."

"రాదులే" అన్నాడు వాడు. అంతే. ఇద్దరూ ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

మూట సర్దుకుని గుమ్మం దాటుతుంటే మావయ్య ఆపాడు. పళ్ళెంలోంచి ఒక వెండి నాణెం తీశాడు. ఒకవైపు తెరచాప ఓడ, రెండోవైపు పక్కకు తిరిగిన ఒక ఆడమనిషి తల. అలాంటి సమయంలో కూడా, కొంప మునిగిపోతుంటే కూడా, దాన్ని త్రాసులో వేసి పుస్తకంలో ఎక్కించి గానీ ఇవ్వలేదాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. "మావయ్యా, వాడు వెళ్ళిపోతుంటే నీకు తూకాలా?" అని అరిచాను. వినిపించుకోలేదు.

"ఒరేయ్ పెద్దాడా, ఈవిడ ముక్కు చూడు. అచ్చం మీ అమ్మ ముక్కే. ఎప్పుడూ ఎవరో ఒకరి మీద విసుక్కుంటున్నట్టే ఉంటుంది. జేబులో ఉంచుకో."

అన్నయ్య నవ్వాపుకోలేక నవ్వాడు. వంటింట్లోంచి అమ్మ ఆ నవ్వు విన్నది. వాడి గొంతు ఆ ఇంట్లో వినపడడం అదే ఆఖరు.

ఉత్తరం లేదు, కబురు లేదు. ఎక్కిన మొదటి ఓడ ఆగిన మూడో రేవులోనే వాడు దిగిపోయాడని మాత్రం తెలిసింది. ఆ తరవాత ఉలుకూ పలుకూ లేదు. ఏడాది, రెండేళ్ళు, అయిదేళ్ళు. అమ్మ వాడి పేరు ఎత్తేది కాదు, ఎవరినీ ఎత్తనిచ్చేది కాదు. ఒక్కసారి, బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండానే అంది. "బతికి ఉంటే నన్ను తిట్టుకుంటూ ఉండుంటాడు. పోయి ఉంటే తిట్టుకుంటూనే పోయుంటాడు. రెండిట్లో ఏది మేలో నాకు తెలీడం లేదే."

లాండ్రీ మూతపడ్డాక మావయ్య ముందు గది గుమ్మానికి "పాత నాణేలు గుర్తుపట్టి చెప్పబడును" అని బోర్డు పెట్టుకున్నాడు. అదే గదిలో రెండో కిటికీ కింద నా కుట్టుమిషను. ఎవరెవరో వచ్చేవారు, తాతల నాటి సంచీలు విప్పేవారు. దొంగ నాణెమైతే మావయ్య ఆ మాట అనేవాడు కాదు. "జాగ్రత్తగా దాచుకోండి" అనేవాడు. అసలుదైతే కుర్చీ చూపించి "కూర్చోండి" అనేవాడు. నాకు ఆ గుట్టు తెలుసు కాబట్టి మిషను తొక్కుతూనే ఎవరి జాతకం ఏమిటో చెప్పేయగలిగేదాన్ని.

అన్నయ్య వెళ్ళిన పద్నాలుగో ఏట, ఒక పొద్దున, నావికుల సంక్షేమ ఆఫీసు గుమాస్తా వచ్చాడు. మంచి మనిషి, చెమటలు కక్కుతున్నాడు. బల్ల మీద ఒక కవరు పెట్టాడు.

"పెద్దాయనా, ఒక సాయం కావాలి. ఎక్కడో దూరపు రేవులో, నావికుల సత్రంలో ఒకతను జ్వరంతో పోయాడట. కాగితాలేమో మారుపేరు మీద ఉన్నాయి. పక్కమంచం వాడు మన రేవు పేరు చెప్పాడని అతని సామాను మాకు పంపారు. ఒక చొక్కా, గడ్డం గీసుకునే కత్తి, ఇదీ. ఇది ఏ దేశానిదో చెబితే అతనిది ఏ దేశమో వెతుక్కుంటాం."

కవరులోంచి జారింది వెండి నాణెం. ఓడ వైపు పైకి పడింది.

నా కాలు మిషను మీద ఆగిపోయింది. మావయ్య దాన్ని తిప్పాడు. రెండోవైపు ఏమీ లేదు. బొమ్మ లేదు, ముక్కు లేదు, అక్షరం లేదు. ఉత్త వెండి.

"దేశం చెప్పినా ప్రయోజనం లేదు బాబూ. ఆ దేశం ఇప్పుడు పటంలో లేదు" అన్నాడు మావయ్య. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం పుస్తకం కోసం వెతుకుతున్నాయి. పద్నాలుగేళ్ళ నాటి పేజీ తీశాడు. ఎప్పుడు వచ్చిందో, అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

మావయ్యకు ఒక నియమం ఉండేది. మూడు గుర్తులు కలవాలి. రెండు కలిస్తే చుట్టం, మూడూ కలిస్తేనే మనిషి, అనేవాడు. అంచు మీది గీతలు లెక్కపెట్టాడు. నూట పద్దెనిమిది. కలిసింది. అంచున గసగసాల గింజంత దెబ్బ. కలిసింది. త్రాసులో వేశాడు. పుస్తకంలో పద్నాలుగు గ్రాముల మీద నూటికి ఆరు పాళ్ళు. త్రాసులో పదమూడు గ్రాముల మీద నూటికి డెబ్బై రెండు. గ్రాములో మూడోవంతు తక్కువ. మళ్ళీ తూచాడు. మళ్ళీ అంతే.

"జేబులో పడుండే నాణెం ఇంత తగ్గదు. చేతులు మారితే తగ్గచ్చు, కానీ అప్పుడు రెండు వైపులా అరగాలి" అని తనలో తను అనుకున్నాడు. తరవాత పైకి అన్నాడు. "ఇది వేరే నాణెం. అక్కా, ఇది మనది కాదు."

అమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. కంటికీ మింటికీ ఏకధారగా ఏడ్చింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. ఆ ఏడుపు సంతోషంతోనో, మరి దేనితోనో. గుమాస్తా బిత్తరపోయి, కవరు తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు మా ఇంట్లో దీపం వెలిగినట్టే ఉంది. అమ్మ అన్నయ్య పేరు ఎత్తింది. వాడి చిన్నప్పటి అల్లరి చెప్పింది. నాకు మాత్రం మనసు మనసులో లేదు. మావయ్య అన్నం కెలుకుతున్నాడు, బోర్డు తిప్పేసి ఎవరినీ రానివ్వడం లేదు. "ఏమిటి నీ గోల? కాదన్నావుగా?" అని విసుక్కున్నాను. "నియమం ప్రకారం కాదు" అన్నాడు. ఆ "ప్రకారం" నాకు నచ్చలేదు.

నాలుగో రోజు పొద్దున నేను గుడ్డ కత్తిరించి కత్తెర ఆయన బల్ల మీద పడేశాను. నాది పదిహేనేళ్ళ కత్తెర. నల్లరంగు పిడి. మావయ్య దాన్ని తీసి పక్కన పెట్టబోయి ఆగాడు. పిడిలో బొటనవేలు ఆనేచోట రంగు పూర్తిగా పోయి ఇనుము మెరుస్తోంది. మిగతా అంతా కొత్తదానిలా నల్లగా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మడూ, ఇది ఎవరు అరగదీశారు?"

"ఎవరేమిటి? నా వేలే. నా కత్తెర ఇంకెవడు ముట్టుకుంటాడు?"

మావయ్య కత్తెర కింద పెట్టాడు. చెప్పులు కూడా వేసుకోకుండా లేచి వీధిన పడ్డాడు. వెనకాల నేను "మావయ్యా, మావయ్యా" అని అరుస్తూనే ఉన్నాను. అరగంటకి సంక్షేమ ఆఫీసు నుంచి తిరిగి వచ్చాడు, గుమాస్తాకు ఏం చెప్పి తెచ్చాడో, నాణెం గుప్పిట్లో ఉంది. పాదాలు బొబ్బలెక్కాయి.

అమ్మ బియ్యం ఏరుతోంది. ఆయన వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, నేను తప్పు చెప్పాను."

అమ్మ చేట పక్కన పెట్టింది.

"జేబుల్లో అరిగినవి చూశాను, చేతులు మారి అరిగినవి చూశాను. ఒక్క మనిషి ఒక్క వేలితో అరగదీసింది ఎప్పుడూ చూడలేదు. అందుకే తెలుసుకోలేకపోయాను. బరువు కలవలేదని వేరేది అనుకున్నాను. లేదు, వేరేది అనుకోవాలని అనుకున్నానేమో. అదీ నిజమే."

నాణేన్ని తన కుడి అరచేతిలో పెట్టుకుని బొటనవేలు ఆనించాడు. "చూడు, కుడిచేతి వేలు ఇందులో కూర్చోదు. పల్లం అటుపక్కకు వాలి ఉంది." ఎడమ చేతిలోకి మార్చాడు. బొటనవేలు ఆ పల్లంలో, దానికోసమే చేసినట్టు కూర్చుంది.

నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది. పుర్రచేతి వెధవ. మా అన్నయ్య.

అమ్మ నాణెం తీసుకుంది. ఖాళీగా ఉన్న వైపు చాలాసేపు చూసింది. ఏడవలేదు.

"ఈవైపేగా ఆ బొమ్మ ఉంది? నా ముక్కు అన్నావు, నవ్వాడు. విన్నాన్లే. నా మొహం గుర్తు రాకూడదన్నాను. అరగదీసేశాడు. అంత కోపమా వాడికి? నా మొహం కనపడకుండా చెరిపేసుకున్నాడా?"

ఆ మాట తగిలిన చోట నాకిప్పటికీ నొప్పిగానే ఉంటుంది. ఓదార్చడానికి నోరు తెరిచాను. మావయ్య చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. లేచి వెళ్ళి భూతద్దం తెచ్చాడు. అమ్మ కంటికి ఆనించి, వెలుతురు పడేలా ఆమె చెయ్యి కిటికీ వైపు తిప్పాడు.

"గీతలున్నాయేమో చూడక్కా."

అమ్మ చూసింది.

"బాగా చూడు. తొందర లేదు."

"లేవు" అంది అమ్మ.

"ఒక్కటైనా ఉందా?"

"లేదురా."

"కోపంతో చెరిపితే గీతలు పడతాయి. గోరుతో గీకినా, గోడకేసి రాసినా, తోమినా, ఏం చేసినా అద్దంలో దొరికిపోతుంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇందులో మాత్రం నాకు పొరపాటు రాదు. ఇది నిమిరితే పోయిందక్కా. పద్నాలుగేళ్ళు నిమిరాడు. రోజూ నిమిరి ఉంటేనే గ్రాములో మూడోవంతు పోతుంది. వాడు నిన్ను మరిచిపోయిన రోజు లేదు."

అమ్మ అప్పుడు ఏడ్చింది. మావయ్య కూడా ఏడ్చాడు. మా ఇంట్లో చావు కబురు అలా వచ్చింది. చెప్పకూడదు గానీ, అది కొడుకు తిరిగి వచ్చిన రోజులా కూడా ఉంది.

ఆ తరవాత అమ్మ తొమ్మిదేళ్ళు బతికింది. నాణెం ఆమె దగ్గరే ఉండేది. కూరలు తరిగి చెయ్యి కడుక్కోగానే దాన్ని తీసుకునేది. ఒకసారి గమనించాను. ఆమె వేలు ఎప్పుడూ ఓడ వైపే తిరుగుతోంది. "అదేమిటమ్మా, ఇటువైపు ముట్టుకోవా?" అంటే, "అది వాడిది. నా వేలు పడితే వాడి గుర్తు పోదూ? నాకు ఇటువైపు చాలు" అంది. నాన్ననూ అన్నయ్యనూ తీసుకుపోయిన ఓడ కదా, దాన్ని తుడిచిపెట్టేస్తోంది కాబోలు అనుకున్నాను. పోనీలే, ఆ మాత్రం కోపం ఉండద్దా అనుకుని ఊరుకున్నాను.

మొన్న చలికాలంలో మావయ్య కూడా వెళ్ళిపోయాడు. ఆయన పుస్తకం నా దగ్గరికి వచ్చింది. ఆ నాణేనికి ఒక వరస కాదు, కిందా పైనా మూడు వరసలు ఉన్నాయి. మొదటిది అన్నయ్య వెళ్ళిన నాటిది. బరువు పద్నాలుగు గ్రాముల మీద నూటికి ఆరు పాళ్ళు. అరుగుదల గడిలో "చేతులు మారి". రెండోది పదమూడు గ్రాముల డెబ్బై రెండు. అరుగుదల గడిలో "మేనల్లుడు". మూడోది అమ్మ పోయిన వారానికి రాసింది. పదమూడు గ్రాముల అరవై ఒకటి. అరుగుదల, "అక్క".

ఆ మూడో వరస చూశాక నాణెం తీశాను. రెండు వైపులా నున్నగా ఉంది. ఓడ లేదు, మొహం లేదు. ఇప్పుడు అది ఏ దేశానిదో చెప్పగలిగేవాడు ఎవడూ లేడు. భూతద్దం పట్టుకుని, అమ్మ అరగదీసిన వైపు కిటికీ వెలుతురుకి తిప్పి, మావయ్య చెప్పినట్టు తొందరపడకుండా చూశాను. ఒక్క గీత కూడా లేదు.